రోస్టర్‌లో పూర్తి నర్సు, జీతంలో ట్రైనీ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ప్రైవేటు ఆస్పత్రుల యాజమాన్యాలకు,



“కొత్తగా వస్తున్న నర్సులకు పనే తెలియడం లేదు” అన్న మాట మీ నోట తరచుగా వినిపిస్తోంది. నియామక ప్రకటనల్లో అది ‘అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం’ అన్న రూపంలో ఉంటుంది. అపాయింట్‌మెంట్ ఆర్డరులో ‘ట్రైనీ’ హోదాగా మారుతుంది. నెలాఖరున జీతం దగ్గర దాని అసలు విలువ తేలుతుంది. పని రాదు కాబట్టి తక్కువ జీతం అంటున్నారు, అంతవరకూ మీ వాదనకు ఒక పొందిక ఉన్నట్టే కనిపిస్తుంది. వార్డులో డ్యూటీ రోస్టర్ తీసి చూస్తే మాత్రం ఆ పొందిక కాస్తా చెదిరిపోతుంది. రెండు మూడు రోజుల ఓరియంటేషన్, కొద్దిరోజులు ఎవరో ఒక సీనియర్ సిస్టర్ వెంట తిరగడం, ఆ వెంటనే నైట్ డ్యూటీ గడిలో కొత్త నర్సు పేరు. రాత్రి వార్డుకు ఇద్దరే సిస్టర్లుంటే ఆ ఇద్దరిలో ఒకరు ఆమె. పని రాదని మీరే తేల్చిన మనిషి చేతికి అంతమంది రోగులను ఎలా అప్పగిస్తున్నారు? పని వచ్చు కాబట్టే అప్పగించాం అంటారా, మరి ట్రైనీ జీతం ఎందుకిస్తున్నారు?

అన్ని ఆస్పత్రులూ ఇలాగే చేస్తున్నాయని నేననను. కొత్తవాళ్లకు నెలల తరబడి ఓపిగ్గా నేర్పే నర్సింగ్ సూపరింటెండెంట్లు ఉన్నారు, వాళ్లకు అండగా నిలిచే యాజమాన్యాలూ కొన్ని ఉన్నాయి. వారు ఈ లేఖను పక్కన పెట్టేయవచ్చు. నర్సుల్లో మగపిల్లలు కూడా ఉన్నారు, ఎక్కువమంది ఆడపిల్లలే కనుక ‘ఆమె’ అని రాస్తున్నాను. ఇక నా అభ్యంతరం ఒక్కటే. కొత్త నర్సును ఖర్చు లెక్కలో సగం మనిషిగా, రోగుల లెక్కలో పూర్తి మనిషిగా చూపించే మీ పద్ధతి ఆమెకు అన్యాయం, రోగికి ప్రమాదం. ఆమె సంగతి ఆమె, మీరు తేల్చుకుంటారని వదిలేద్దామన్నా రోగి సంగతి అలా వదిలేసేది కాదు. మీ బిల్లుల్లో గది అద్దె, మందులు, డాక్టరు ఫీజులతోపాటు నర్సింగ్ ఛార్జీలని ఒక వరుస ఉంటుంది. రోజుకింత అని వేస్తారు, ఐసీయూలో ఇంకాస్త ఎక్కువ వేస్తారు. ఆ రాత్రి మంచం పక్కన నిలబడింది పదేళ్ల అనుభవం ఉన్న సిస్టరా, పది రోజుల కిందట చేరిన పిల్లా అన్నదాన్ని బట్టి ఆ వరుసలో అంకె ఎప్పుడైనా మారిందా? మీరు కొన్న ధర వేరు, అమ్మిన ధర వేరు. మధ్యలో ఉన్న తేడాను శిక్షణ మీద ఖర్చు పెట్టి ఉంటే ఈ లేఖ రాయాల్సిన పనే ఉండేది కాదు.

‘పనే రాదు’ అంటున్నారే, రానిదేమిటో ఎప్పుడైనా విడదీసి చూశారా? ఇంజక్షన్ చేయడం వచ్చు, కాన్యులా పెట్టడం వచ్చు, బీపీ చూడటం వచ్చు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌లో, 2021లో మార్చిన సిలబస్ ప్రకారం, ఎనిమిదో సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్పే. ఆమెకు రానివి వేరే ఉన్నాయి. కాలేజీలో ఆమెకు ఒక రోగిని ఇచ్చి, ఆ రోగి గురించి పేజీలకొద్దీ కేర్ ప్లాన్ రాయించి, ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా తప్పు లేకుండా చేయిస్తారు. వార్డులో ఎనిమిదిమందో పదిమందో ఉంటారు, వాళ్ల పనులన్నీ ఒకేసారి మీద పడతాయి. నాలుగో మంచం ఆయనకు యాంటీబయాటిక్ టైమైంది, ఆరో మంచం డ్రెయిన్ నిండింది, ఆపరేషన్ థియేటర్ నుంచి పేషెంటును తీసుకుపొమ్మని ఫోను, ఇన్సూరెన్స్ క్లియరెన్స్ రాలేదని డిశ్చార్జి పేషెంటు బంధువుల కేకలు, ఫార్మసీకి మందులు తిప్పి పంపే పని, కంప్యూటరులో ఇండెంట్. వీటిలో దేన్ని ముందు చేయాలి, దేన్ని ఆపినా ఫరవాలేదు, దేన్ని ఆపితే ప్రాణం మీదికి వస్తుంది అన్న తెలివి పుస్తకంలో దొరకదు. పనిలో, పక్కన తెలిసినవాళ్లుండగా, కొన్ని నెలల మీద పట్టుబడుతుంది.

ఇందులో కొత్త విషయం ఏమీ లేదు. చదువుకున్నదానికీ వార్డులో కనిపించేదానికీ మధ్య అగాధంలో కొత్త నర్సులు పడిపోతున్న తీరును మార్లీన్ క్రేమర్ అమెరికాలో 1974లోనే పుస్తకంగా రాశారు. దానికి ఆమె పెట్టిన పేరు ‘రియాలిటీ షాక్’. నర్సులు వృత్తినే ఎందుకు వదిలిపోతున్నారన్నది ఆ పుస్తకం అడిగిన ప్రశ్న. పదేళ్ల తర్వాత, 1984లో, పెట్రీషియా బెనర్ నర్సు ఎదుగుదలను ఐదు మెట్లుగా వర్ణించారు. చేతిలో పట్టా ఉన్నా, కొత్త విభాగంలోకి అడుగుపెట్టిన నర్సు అక్కడ మళ్లీ కింది మెట్టు నుంచి మొదలుపెట్టవలసిందేనన్నది అందులో ముఖ్యమైన మాట. 2009లో కెనడా నుంచి వచ్చిన పరిశోధన మొదటి మూడు నాలుగు నెలలే అన్నిటికన్నా గడ్డు కాలమని గుర్తించింది. మీరు సరిగ్గా ఆ మూడు నాలుగు నెలల్లోనే ఆమెను ఒంటరిగా వదులుతున్నారు. తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు నడపడానికి ప్రత్యేకంగా తర్ఫీదు పొందిన డ్రైవర్లనే వేస్తారని మనందరికీ తెలుసు. లైసెన్సు ఉంది కదా అని నిన్న చేరినవాడికి స్టీరింగ్ ఇస్తే ఆ బస్సు మీరు ఎక్కుతారా?

రోగి వైపు నుంచి చూడండి. ఆస్పత్రిలో రాత్రిపూట మనిషి పరిస్థితి దిగజారడం సాధారణంగా ఒక్క క్షణంలో జరగదు. ఊపిరి వేగం కొంచెం పెరుగుతుంది, మూత్రం తగ్గుతుంది, మాట్లాడే మనిషి కాస్త తికమకగా మాట్లాడతాడు. డాక్టరు రౌండ్లకు వచ్చేది ఉదయం. ఈ మధ్యలో ఆ చిన్న మార్పును పట్టుకోవాల్సింది సిస్టరే. అనుభవం ఉన్న సిస్టర్ అంకెల కన్నా ముందే ఏదో తేడాగా ఉందని గ్రహిస్తుంది, రాత్రి రెండు గంటలకైనా డాక్టరుకు ఫోన్ చేస్తుంది, ఆయన విసుక్కున్నా మళ్లీ చేస్తుంది. కొత్త నర్సు అంకెలు రాస్తుంది, ఏదో తేడా ఉందని ఆమెకూ అనిపిస్తుంది, అయితే ఇంత చిన్న విషయానికి లేపితే ఏమంటారో అని ఆగుతుంది. ఆ ఆగడంలో ఆమె తప్పెంత? అడిగితే తిట్టే డాక్టరును, అడగడానికి పక్కన మనిషి లేని వార్డును, ప్రశ్న అడిగితే ‘నీకు ఇది కూడా తెలియదా’ అనే వాతావరణాన్ని తయారుచేసింది ఎవరు?

మందుల దగ్గరా ఇంతే. ఆస్ట్రేలియాలో సిడ్నీ ఆస్పత్రుల మీద చేసి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం, మందు ఇచ్చేటప్పుడు నర్సుకు కలిగే ఒక్కో అంతరాయానికీ తప్పులు దాదాపు 12 శాతం చొప్పున పెరుగుతున్నాయని చూపింది. మన వార్డులో అంతరాయానికి కొదవా? ఒక రోగికి ముగ్గురు బంధువులు, ఆగకుండా మోగే ఫోను, పక్క మంచం బెల్లు. ‘మందు వేస్తున్నాను, రెండు నిమిషాలు ఆగండి’ అని గట్టిగా చెప్పగలగడం ఒక నైపుణ్యం, ఉద్యోగంలో చేరిన నెలకే ఏ ఇరవై రెండేళ్ల పిల్లకూ అది అబ్బదు. ఆమె ట్రేలో హెపారిన్ ఉంటుంది, ఇన్సులిన్ ఉంటుంది, పలచన చేయకుండా నేరుగా ఎక్కిస్తే గుండె ఆగిపోయే పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. ఆగమన్నందుకు బంధువులు చేయి చేసుకోకుండా 2008 నాటి చట్టం ఒకటి ఉంది, మంచిదే. ఆ చట్టం కేసు పెట్టడానికి పనికొస్తుంది గానీ ఆ నిమిషంలో ఆమె చేయి వణకకుండా ఆపదు.

ఇక లెక్కల సంగతి. బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, సాధారణ ఆస్పత్రిలో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో మంచానికి ఒకరు అన్నవి భారత నర్సింగ్ మండలి ప్రమాణాలు. మీ వార్డుల్లో ఇవి ఎంతవరకు అమలవుతున్నాయో మీకు వేరే చెప్పనక్కర లేదు. ఐరోపాలో తొమ్మిది దేశాల ఆస్పత్రులను పరిశీలించి లిండా ఐకెన్ బృందం 2014లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నర్సు మీద ఒక్క రోగి అదనంగా పడితే శస్త్రచికిత్స చేయించుకున్నవారు ముప్ఫై రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం పెరుగుతోంది. కొత్త నర్సును పూర్తి మనిషిగా లెక్కవేసినప్పుడు మీరు చేస్తున్నది ఏమిటో ఈ వెలుగులో చూడండి. కాగితం మీద ఇద్దరు సిస్టర్లు, ఇరవైమంది రోగులు. వాస్తవంలో సీనియర్ సిస్టర్ తన పదిమందిని చూసుకుంటూనే పక్కనున్న పిల్ల చేసే ప్రతి పనీ ఓ కంట కనిపెట్టుకోవాలి. అంటే ఆమె మీద పడింది పదిమంది కాదు. నేర్పే తీరిక లేక ఆమె విసుక్కుంటే ‘సీనియర్లు కొత్తవాళ్లను సతాయిస్తున్నారు’ అని హెచ్ఆర్ వాళ్లు ఒక కౌన్సెలింగ్ తరగతి పెడతారు. వార్డులో లోపం మనుషుల గుణంలో ఉందా, రోస్టర్‌లో ఉందా?

మీ నుంచి వచ్చే మొదటి జవాబు నాకు తెలుసు. తప్పు కాలేజీలది అంటారు. రోగులే లేని అనుబంధ ఆస్పత్రులతో, కాగితాల మీద క్లినికల్ గంటలు నింపి పట్టాలిచ్చే కాలేజీలు ఉన్నాయన్నది నిజమే. వాటిని తనిఖీ చేయాల్సినవాళ్లు చేయాల్సినంత చేయడం లేదన్నదీ నిజమే. అయితే మీలో కొందరికి సొంత నర్సింగ్ కాలేజీలున్నాయి, అక్కడి పిల్లలు మీ వార్డుల్లోనే నేర్చుకుంటున్నారు. వాళ్లకు కూడా పని రాకపోతే ఆ నింద ఎవరి ఖాతాలో రాయాలి? పైగా ఎంత గొప్ప కాలేజీలో చదివినా మొదట్లో తడబాటు తప్పదని క్రేమర్ పుస్తకం నుంచి 2009 నాటి పరిశోధన దాకా అన్నీ అంటున్నాయి. అవి జరిగింది అమెరికా, కెనడాల్లో. కాలేజీ చెడ్డదైతే ఆస్పత్రి ఎక్కువ నేర్పాల్సి వస్తుంది. అది తక్కువ నేర్పడానికి సాకు ఎలా అవుతుంది?

రెండో జవాబు ఇంకాస్త బలమైనది. నేర్పి తయారుచేస్తే వెళ్లిపోతున్నారు, గల్ఫ్‌కు, బ్రిటన్‌కు, జర్మనీకి, లేదా ప్రభుత్వ ఉద్యోగానికి. 2024 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం దాదాపు ఏడు వేలమంది నర్సులకు ఒకేసారి నియామక పత్రాలిచ్చింది. వాళ్లలో ఎంతమంది మీ వార్డుల నుంచి వెళ్లారో మీ హెచ్ఆర్ రికార్డులు చెబుతాయి. ఆ ప్రభుత్వ సంస్థే అయిన టామ్‌కామ్ నర్సులకు భాష నేర్పి మరీ జర్మనీకి, జపాన్‌కు పంపుతోంది. కాబట్టి మీ ఆందోళన గాలిలోంచి పుట్టింది కాదని ఒప్పుకుంటాను. ఒప్పుకోలేనిది దానికి మీలో కొందరు కనిపెట్టిన మందు. బాండు రాయించుకోవడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేయడం. శిక్షణ ఇచ్చినందుకు పరిహారం అడుగుతారు సరే, ఇచ్చిన శిక్షణ ఏదో కాగితం మీద చూపించగలరా? ఎన్ని గంటలు, ఎవరు నేర్పారు, ఏ నైపుణ్యాన్ని ఏ తేదీన పరీక్షించి సంతకం చేశారు? ఆ కాగితం లేనప్పుడు బాండు దేనికి ఖరీదు?

వెళ్లిపోయేవాళ్లు వెళ్లే చోట ఏం జరుగుతోందో కూడా చూడండి. స్కాట్లండ్‌లో కొత్త నర్సుల కోసం 2006లోనే ప్రత్యేక కార్యక్రమం మొదలైంది. ఇంగ్లండ్‌లో 2022లో జాతీయ ప్రిసెప్టర్‌షిప్ విధానం వచ్చింది. కొత్తగా చేరిన ప్రతి నర్సుకూ పేరుపెట్టి ఒక అనుభవజ్ఞురాలిని జతచేస్తారు, మొదట్లో కొంతకాలం ఆ కొత్త మనిషిని సిబ్బంది లెక్కలో కలపరు. అమెరికాలో 2002 నుంచి ఏడాది పొడవునా నడిచే నర్స్ రెసిడెన్సీ కార్యక్రమాలున్నాయి. ఇందులో మనకు చురుక్కుమనిపించే విషయం ఒకటుంది. ఇంగ్లండ్ విధానం విదేశాల నుంచి వచ్చిన నర్సులకూ వర్తిస్తుంది. అంటే విజయవాడలోనో హైదరాబాద్‌లోనో మూడేళ్లు పనిచేసి ఐసీయూలు నడిపి వెళ్లిన మన అమ్మాయికి, తన ఊళ్లో మొదటి రోజున దక్కని తోడు అక్కడ మొదటి రోజున దక్కుతుంది. ఆమె జీతం కోసమే వెళ్లిందని మీరు నిజంగా నమ్ముతున్నారా?

జీతం ప్రస్తావన వచ్చింది కనుక అదీ చూద్దాం. 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ప్రైవేటు ఆస్పత్రుల నర్సుల జీతాలు, పని పరిస్థితుల మీద కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కమిటీ, 200 పడకలు దాటిన ఆస్పత్రుల్లో నర్సు జీతం ప్రభుత్వ నర్సు జీతంతో సమానంగా ఉండాలంది. 100 దాటితే పది శాతానికి మించి, 50 నుంచి 100 పడకల మధ్య అయితే ఇరవై ఐదు శాతానికి మించి తేడా ఉండకూడదంది. 50 లోపు పడకలున్న చోట కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదంది. అవి సిఫార్సులే, చట్టం కాదని మీ న్యాయవాదులు చెబుతారు, సరిగ్గానే చెబుతారు. పదేళ్ల కిందట కనీసంగా అనుకున్న ఆ మొత్తాన్ని ఈనాటికీ ట్రైనీ పేరుతో ఎగ్గొట్టడం చట్టవిరుద్ధం కాకపోతే ధర్మమే అంటారా?

ఖర్చు భరించలేం అన్నది మీ మూడో జవాబు. నాలుగైదు వందల పడకల ఆస్పత్రి ఈ మాట అంటే నవ్వొస్తుంది. పాత నర్సు వెళ్లిపోయిన ప్రతిసారీ ప్రకటన, ఇంటర్వ్యూ, కొత్త యూనిఫాం, మళ్లీ ఓరియంటేషన్, ఆ ఖాళీలో మిగతావాళ్లకు డబుల్ డ్యూటీలు. ఈ ఖర్చును మీరు ఇప్పుడే భరిస్తున్నారు, దానికి ఒక ఖాతా పేరు పెట్టలేదు, అంతే. నరసరావుపేటలోనో జగిత్యాలలోనో ముప్ఫై పడకల నర్సింగ్ హోమ్ నడిపే డాక్టరు ఇదే మాట అంటే మాత్రం వినాలి. ఆయనకు మొత్తం నర్సులే పదిమంది ఉంటారు, నేర్పడానికి ప్రత్యేకంగా ఒకరిని కేటాయించలేరు. ఆయన నుంచి ఏడాది రెసిడెన్సీ ఎవరూ అడగరు. మొదటి మూడు నెలలు కొత్త నర్సును రాత్రి ఒంటరిగా వేయకపోవడం, ఒక సీనియర్‌కు ఈ పిల్ల బాధ్యత నీదని చెప్పి ఆ నెలల్లో ఆ సీనియర్‌కు ఇద్దరు రోగులను తగ్గించడం అడగవచ్చు. ఊళ్లో నాలుగు నర్సింగ్ హోమ్‌లు కలిసి తరగతులు నడుపుకోవచ్చు. డాక్టర్ల సంఘానికి ఊరూరా శాఖలున్నాయి కదా, సమావేశ హాళ్లూ ఉన్నాయి.

‘మా కాలంలో ఇవేమీ లేవు, నీళ్లలోకి తోస్తే ఈదుకుంటూ నేర్చుకున్నాం’ అనే పాతతరం మేట్రన్ల మాటకు విలువ ఇస్తూనే ఒక్క విషయం గుర్తు చేయాలి. ప్రభుత్వ పెద్దాసుపత్రుల నర్సింగ్ స్కూళ్లలో చదివిన ఆ తరం, విద్యార్థులుగా ఉన్నప్పుడే హాస్టలుకూ వార్డుకూ మధ్య మూడేళ్లు తిరిగింది. పట్టా చేతికొచ్చేసరికి ఆ వార్డు వాళ్లకు ఇల్లే. ఆ పద్ధతిలో విద్యార్థులను చాకిరీకి వాడుకున్నారన్నది వేరే చర్చ. ఇప్పుడు చదువు వార్డు నుంచి తరగతి గదికి జరిగింది, వార్డులో రోగి జబ్బు ముదిరింది, మంచం చుట్టూ వెంటిలేటర్లు, సిరంజి పంపులు, మానిటర్లు చేరాయి. అప్పుడు ఈది బయటపడ్డవాళ్లు ఇప్పుడు మనతో మాట్లాడుతున్నారు. మునిగినవాళ్లు వృత్తి వదిలి వెళ్లిపోయారు, వాళ్లనెవరూ అడగలేదు.

మిమ్మల్ని కొత్తగా ఏదో కనిపెట్టమని ఎవరూ కోరడం లేదు. రిసెప్షన్‌లో అద్దాల వెనక వేలాడదీసిన ఎన్‌ఏబీహెచ్ నాణ్యతా గుర్తింపు పత్రం కోసం మీరే ఒప్పుకున్న ప్రమాణాల్లో నర్సుకు చేరగానే శిక్షణ, ఏ నర్సు ఏయే పనులు చేయడానికి అర్హురాలో పరీక్షించి రాతపూర్వకంగా అనుమతించడం ఉన్నాయి. తనిఖీ బృందం వచ్చే వారం ముందు నింపే ఫైళ్లుగా కాక, రోస్టర్ వేసేముందు చూసే కాగితాలుగా వాటిని వాడండి. సంతకం పడని నైపుణ్యానికి ఆమెకు డ్యూటీ వేయకండి. ఐసీయూలో ఆమెకు సొంతంగా మంచం ఇచ్చే తేదీని నర్సింగ్ సూపరింటెండెంట్ నిర్ణయించాలి, సిబ్బంది కొరత నిర్ణయించకూడదు. నేర్పే సీనియర్‌కు రోగులను తగ్గించి, పైన కొంత అలవెన్సు ఇవ్వండి. మందు ఇవ్వడంలో తప్పు జరిగిందని కొత్త నర్సు తనంతట తాను వచ్చి చెబితే జీతంలో కోత వేయకండి. కోత వేసిన మరుసటి రోజు నుంచి వార్డులో తప్పులు ఆగవు, తప్పుల సమాచారం ఆగుతుంది. 1947 నాటి నర్సింగ్ మండలి చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. ఆ కమిషన్ ఎప్పుడో ఒక నిబంధన రాసి మెడ మీద పెట్టేదాకా ఆగడం మీ ఇష్టం. ఈలోపు మీ ఐసీయూలో పడుకునేది మా అమ్మలు, నాన్నలు.

మీ సంఘాల తరఫున ఎవరైనా దీనికి జవాబు రాస్తే సంతోషం. శిక్షణ బాగానే ఇస్తున్నామన్నది మీ జవాబైతే, దానితోపాటు ఒక్క అంకె ప్రకటించండి. గత ఏడాది మీ ఆస్పత్రిలో చేరిన కొత్త నర్సుల్లో పన్నెండు నెలలు తిరిగేసరికి ఎంతమంది మిగిలారు? పడకల సంఖ్య, మార్చిన మోకాళ్ల సంఖ్య, వేసిన స్టెంట్ల సంఖ్య హోర్డింగుల మీద వేయిస్తూనే ఉన్నారు. ఈ అంకెకు అంత పెద్ద బోర్డు అక్కర్లేదు, వెబ్‌సైట్‌లో ఒక్క వరుస చాలు.

ఇట్లు,
నర్సింగ్ ఛార్జీలు చెల్లించే ప్రజల్లో ఒకరు